కంటి వరస, చెవి వరస

కంప్యూటరును అడిగితే ‘తెలుగు’ అన్న మాటలో ఆరు ఉన్నాయంటుంది. ‘స్త్రీ’ అన్న మాటలో ఎన్ని అంటే అక్కడా ఆరే అంటుంది. పలకా బలపం పట్టిన పిల్లవాడు మొదటిదాన్ని మూడనీ, రెండోదాన్ని ఒకటనీ లెక్కపెడతాడు. వాడి లెక్కా తప్పు కాదు, యంత్రం లెక్కా తప్పు కాదు. ఇద్దరూ లెక్కపెడుతున్న సరుకు వేరు. యంత్రం లోపల ‘తెలుగు’ అంటే 3108, 3142, 3122, 3137, 3095, 3137. అంటే త, ఎత్వం, ల, కొమ్ము, గ, మళ్ళీ కొమ్ము. ‘స్త్రీ’ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. తలకట్టు ఎంత ఒంపుగా తిరిగిందో, కింద ఎన్ని ఒత్తులు వేలాడుతున్నాయో దానికి పట్టదు.

కంప్యూటరు ఇంతవరకు ఒక్క అక్షరాన్ని కూడా చూడలేదు. దాని దగ్గర ఉన్నవన్నీ అంకెలే. ఏ అంకెకు ఏ అక్షరమన్నది మనుషులు కూర్చుని, చాలాసార్లు పోట్లాడుకుని, చివరికి కుదుర్చుకున్న ఒప్పందం. నిజానికి ఒప్పందాలు రెండు. ఏయే అక్షరాలకు చోటివ్వాలి, దేనికి ఏ నంబరు ఇవ్వాలి అన్నది ఒకటి. దాన్ని క్యారెక్టర్ సెట్ అంటారు. ఆ నంబర్లను బైట్లుగా ఎలా పేర్చి దాచాలి, తీగమీద ఎలా పంపాలి అన్నది రెండోది. అది ఎన్‌కోడింగ్. ఇంగ్లీషువాళ్ళకు చాలాకాలం ఈ రెండింటికీ తేడా తెలియలేదు. తెలియాల్సిన అవసరం పడలేదు. పడిందంతా మనబోటివాళ్ళకు.

1963లో అమెరికావాళ్ళు ఆస్కీ అనే పట్టీని ప్రమాణంగా ప్రకటించారు. ఏడు బిట్లు, 128 గళ్ళు. అందులో 33 గళ్ళలో ఉన్నవి అక్షరాలు కావు, టెలిప్రింటరుకు ఆజ్ఞలు. గంట కొట్టు, కాగితం ఒక లైను జరుపు, మొదటికి రా, ఇలాంటివి. గంట కొట్టమన్న ఆజ్ఞకు 7వ నంబరు ఇప్పటికీ అలాగే ఉంది. చిట్టచివరి 127 ‘చెరిపెయ్’. ఆ నంబరే ఎందుకంటే, కాగితపు టేపు మీద ఒకసారి పొడిచిన చిల్లును పూడ్చలేం, కొత్త చిల్లు పొడవగలం. తప్పు పడిన వరసలో ఏడు చోట్లా చిల్లులు పొడిచేస్తే అది కొట్టేసినట్టు లెక్క. ఏడు చిల్లులంటే ఏడు ఒకట్లు, ఏడు ఒకట్లంటే 127. 1967 సవరణతో చిన్న అక్షరాలు కూడా పట్టీలో స్థిరపడ్డాయి. పెద్ద ‘ఎ’ 65, చిన్న ‘ఎ’ 97. తేడా 32, అంటే ఒక్క బిట్టు. పెద్దదాన్ని చిన్నది చేయాలంటే ఆ ఒక్క బిట్టు మారిస్తే చాలు. ఇంత పొదుపుగా ఆలోచించినవాళ్ళంటే నాకు గౌరవం. కాని ఆ పొదుపంతా ఒక్క భాష కోసం. ఫ్రెంచివాడి అక్షరాల నెత్తిన ఉండే గీతలకే అందులో చోటు లేదు.

ఎనిమిదో బిట్టు వాడుకలోకి వచ్చాక గళ్ళు 256 అయ్యాయి. పై సగాన్ని ఎవరికి వారు పంచుకున్నారు. పశ్చిమ ఐరోపాకు ఒక పట్టీ, రష్యావాళ్ళకు ఒకటి, గ్రీకులకు ఒకటి, అరబ్బీకి ఒకటి. ఆ అంతర్జాతీయ వరసలో దేవనాగరికి అనుకున్న 12వ భాగాన్ని 1997లో వదిలేశారు. తెలుగు పేరు ఆ వరసలోకి రానేలేదు.

అలాంటి రోజుల్లో తెలుగు పత్రికలు, పుస్తకాలు కంప్యూటర్లోకి వచ్చాయి. వచ్చిన దారి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ దారి వెంట పడిన ముళ్ళు ఇంకా గుచ్చుకుంటున్నాయి. ఉన్నది రెండు వందల చిల్లర గళ్ళు. తెలుగు గుణింతాలన్నిటికీ విడివిడిగా గళ్ళివ్వాలంటే చాలవు. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటరు ముందు వందల అరలుండేవి. ఇక్కడ అంత వైభవం లేదు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము ఒకటి, ప్రతి ఒత్తూ ఒకటి. ఒక్కో ముక్కనూ ఒక్కో ఇంగ్లీషు అక్షరం గడిలోనో, ఐరోపా గుర్తు గడిలోనో దాచారు. కంప్యూటరు దృష్టిలో అదంతా పొంతనలేని ఇంగ్లీషు. ఫాంటు అనే ముసుగు వేసినంతసేపే మన కంటికి తెలుగు. ముసుగు తీస్తే లోపల డాలరు గుర్తులు, కుండలీకరణాలు, నెత్తిన చుక్కలున్న జర్మన్ అక్షరాలు.

పైగా ఏ ముక్క ఏ గడిలో ఉండాలన్నదానికి ఒప్పందం లేదు. అను ఫాంట్లది ఒక పద్ధతి, శ్రీలిపిది మరొకటి. పెద్ద దినపత్రికలు వేటికి అవి సొంత ఫాంట్లు చేయించుకున్నాయి. వాటి వెబ్‌సైటు చూడాలంటే ముందు వాటి ఫాంటు దించుకోవాల్సి వచ్చేది. ఒక పత్రికలోని వాక్యాన్ని ఇంకో పత్రిక ఫాంటులోకి మారిస్తే చదవడానికి వీల్లేని కలగాపులగం. డీటీపీ ఆపరేటర్లు మేటర్ చేతికి రాగానే అడిగే మొదటి ప్రశ్న ‘ఇది ఏ ఫాంటు సార్?’ అనే. ఆ ప్రశ్నకు జవాబు పోతే మేటర్ పోయినట్టే. చాలా ఇళ్ళల్లో, చాలా ఆఫీసుల్లో అలా పోయింది. నావీ కొన్ని పాత వ్యాసాలు ఒక వారపత్రిక వాళ్ళు ఇచ్చిన సీడీలో ఉన్నాయి. ఫైలు చెక్కుచెదరలేదు, ఒక్క బైటు పాడవలేదు, చదవడానికి మాత్రం ఒక్క ముక్క లేదు. అప్పుడు వాళ్ళు వాడిన ఫాంటు ఏదో ఇప్పుడు అక్కడ ఎవరికీ గుర్తులేదు.

అలాగని ఆ పద్ధతిని తీసిపారేయడానికి నాకు మనసు రాదు. దాని లక్ష్యం కాగితం. కాగితం మీద అచ్చు పడ్డాక లోపల డాలరు ఉందా, దకారం ఉందా అన్నది పాఠకుడికి అనవసరం. ఆ ఫాంట్లలో నిమిషాల్లో పేజీ కొట్టి పడేసే ఆపరేటర్లు ఎన్ని కవితా సంపుటాలకు, ఎన్ని పెళ్ళి శుభలేఖలకు ప్రాణం పోశారో. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. పేజ్‌మేకర్ అన్న పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది. ఇప్పుడు అన్ని లిపులకూ కలిపి వాడే యూనికోడ్ పట్టీలోని తెలుగు దానికి రాదు. దానికి అలవాటుపడిన చేతులు దాన్ని వదలవు. అందుకే నిన్నగాక మొన్న అచ్చయిన పుస్తకం పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసినా పొంతనలేని ఇంగ్లీషే ఊడిపడుతుంది. అందులో మాట వెతకలేం, అకారాది వరసలో పెట్టలేం. కళ్ళు లేనివాళ్ళకు తెరమీది రాత చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దానికి ఆ పేజీ ఇచ్చి చూడండి. డాలరు, పర్సెంటు అని చదువుకుంటూ పోతుంది.

ఆ ఫాంట్లు దాచింది కంటికి కనిపించే ఆకారాన్ని. చెవికి వినిపించే వరసను దాచుకోవాలన్న ఆలోచన వేరేచోట, వేరేవాళ్ళకు వచ్చింది. ‘స్త్రీ’నే తీసుకోండి. కంటికి ముందు గుడిదీర్ఘం ఎక్కిన సకారం, దాని కింద తవత్తు, పక్కన క్రావడి. ఫాంటు పద్ధతిలో ఆ వరసలోనే ముక్కలు పేర్చాలి. నోటితో పలికేటప్పుడు దీర్ఘం వచ్చేది చిట్టచివర. యూనికోడ్ దాచుకునేది ఆ పలికే వరసనే. గుడిని సకారం నెత్తిన ఎక్కించడం, తకారాన్ని కుదించి కిందికి తొయ్యడం ఫాంటు పని, తెరమీద చూపేటప్పటి పని. దాచేది ఒకటి, చూపేది ఒకటి. ఈ రెండింటినీ విడదీయడమే అసలు మలుపు అని నేననుకుంటాను. దీని వెనక కాన్పూరు ఐఐటీలో మోహన్ తాంబే వంటివారు చేసిన పని ఉంది. ఆ పనే తర్వాత పుణెలోని సీ-డాక్ చేతికి వచ్చింది. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఇస్కీ పేరుతో దాన్ని ప్రమాణం చేసింది. భారతీయ లిపులు బ్రాహ్మి నుంచి దిగినవి కదా, అన్నిటికీ ఒకటే వరస చాలునన్నది వాళ్ళ సాహసం. హిందీ కకారానికీ తెలుగు కకారానికీ ఒకటే నంబరు, లిపి మార్చమని పక్కన ఒక సంకేతం.

అదే ఏడాది అక్టోబరులో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్ ఇస్కీ వరసను తీసుకుని, లిపికి 128 గళ్ళ చొప్పున వేరువేరు వాడలు కేటాయించింది. వరస మాత్రం చెక్కుచెదరలేదు. అందుకే నాగరి కకారం 2325 అయితే దానికి సరిగ్గా 768 అవతల, 3093 దగ్గర, తెలుగు కకారం. ఇంకో 128 కలిపితే కన్నడ కకారం. తెలుగు మాటలో ప్రతి నంబరుకూ 128 కూడుతూ పోతే ఇంచుమించుగా కన్నడ లిపిలో అదే మాట వస్తుంది. అన్నదమ్ముల లిపులు అని మనం సభల్లో చెప్పుకునే మాటకు ఇంతకంటే పొడి రుజువు నేను చూడలేదు.

వరస అందరిదీ ఒకటే కావడంతో ఎవరి వాడలోనైనా కొన్ని గళ్ళు ఖాళీగా మిగిలాయి. బంతిలో అందరికీ విస్తళ్ళు వేసి, ఏ ఇంటినుంచి ఎవరు రాకపోతే వాళ్ళ విస్తరి అలాగే ఉంచినట్టు. నకారం తర్వాత 3113 దగ్గర ఒక ఖాళీ. అది తమిళుల రెండో నకారం కోసం వేసిన విస్తరి, మన వాడలో కూర్చునేవాళ్ళు లేరు. ళకారం తర్వాత 3124 దగ్గర ఇంకో ఖాళీ. తమిళుల ఴకారం కోసం. ఇరవై ఏళ్ళకు పైగా అదీ ఖాళీగానే ఉంది. తీరా చూస్తే ఆ అక్షరం మన ప్రాచీన శాసనాల్లో ఉన్నదే, తర్వాతి కాలంలో తెలుగువాళ్ళు వదిలేసిందే. 2014లో యూనికోడ్ 7.0 దాన్ని తెలుగు అక్షరంగా ఒప్పుకుని ఆ విస్తరి ముందే కూర్చోబెట్టింది. పరాయివాడి కోసం అనుకున్న చోటు మన ముత్తాతది అయింది.

రెండో ఒప్పందం, అంటే నంబర్లను బైట్లుగా పేర్చే పద్ధతి, 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలో ఒక డైనరులో, కంచం కింద వేసే కాగితం మీద పుట్టింది. గీసినవాడు కెన్ థాంప్సన్, ఎదురుగా ఉన్నవాడు రాబ్ పైక్. యూటీఎఫ్-8 అంటారు. ఆస్కీ అక్షరాలు పాతపద్ధతిలోనే ఒక్క బైటులో ఉంటాయి. మిగతావి రెండు, మూడు, నాలుగు బైట్లు తీసుకుంటాయి. మొదటి బైటు మొదట్లో ఎన్ని ఒకట్లుంటే ఆ అక్షరానికి అన్ని బైట్లు. తర్వాతి బైట్లన్నీ ‘నేను నడిమివాణ్ణి’ అని చెప్పుకునే గుర్తుతో మొదలవుతాయి. ఫైలు మధ్యలో ఎక్కడ దూకినా తర్వాతి అక్షరం ఎక్కడ మొదలవుతుందో తెలిసిపోతుంది. ఇంత తేలికైన ఆలోచన అంతకుముందు ఎవరికీ తట్టలేదా అనిపించేలా ఉంటుంది, మంచి ఆలోచనల లక్షణం అదే.

తెలుగు గుర్తు ఏదైనా ఇందులో మూడు బైట్లు. తకారం 224, 176, 164. మన గుర్తులన్నిటికీ మొదటి బైటు 224, రెండోది 176 లేదా 177. ఈ బైట్లను పశ్చిమ ఐరోపా పట్టీ పెట్టుకుని చదివితే 224 అంటే నెత్తిన వాలుగీత ఉన్న ఫ్రెంచి ‘ఎ’, 176 అంటే డిగ్రీ గుర్తు, 177 అంటే కూడికా తీసివేతా కలిసిన గుర్తు. ఏ ఉత్తరమైనా తెరవగానే వాలుగీత ‘ఎ’, డిగ్రీ, మళ్ళీ వాలుగీత ‘ఎ’, డిగ్రీ అంటూ బారులు తీరి కనిపిస్తే కంగారుపడకండి. అది చెడిపోలేదు. అది నిక్షేపమైన తెలుగు. చదివేవాడు పట్టీ మార్చుకోవాలి, అంతే. అను ఫాంటు చెత్తకూ ఈ చెత్తకూ చూపులో తేడా తెలియదు కాని, అది పోయిన పేరును వెతుక్కునే వ్యవహారం, ఇది తలుపు వేరే తాళంచెవితో తీసే వ్యవహారం.

ఇంగ్లీషుకు ఒక బైటు, తెలుగుకు మూడా అని కొందరు నొచ్చుకుంటారు. నాకా బాధ లేదు. ఫోనుతో తీసిన ఒక్క ఫొటో ముందు పెద్ద నవల బైట్లు కూడా ఏపాటివి? కాని ఎస్సెమ్మెస్ దగ్గర మాత్రం ఫిర్యాదు నిజం. ఒక సందేశానికి 140 బైట్లు. ఏడు బిట్ల లాటిన్ పట్టీతో అందులో 160 అక్షరాలు పడతాయి. ఒక్క తెలుగు గుర్తు దూరినా సందేశమంతా గుర్తుకు రెండు బైట్ల పద్ధతికి మారి 70కి దిగుతుంది. ‘తెలుగు’ అన్న మాటను ఖాళీలతో సహా పదిసార్లు రాస్తే నిండిపోతుంది. ఫోన్లలో తెలుగు వచ్చాక కూడా జనం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడానికి అలవాటు ఒక్కటే కారణం కాదు, ఈ లెక్క కూడా ఉంది.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు అన్నప్పుడు ఒక మాట. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆస్కీ గళ్ళలోనే తెలుగు రాయడానికి ఒక పద్ధతి కట్టారు. చిన్న ‘ఎల్’ లకారం, పెద్ద ‘ఎల్’ ళకారం, చిన్న ‘ఎన్’ నకారం, పెద్ద ‘ఎన్’ ణకారం. ఆర్‌టీఎస్ అన్నారు దాన్ని. ప్రవాసాంధ్రులు చాలాకాలం నెట్‌లో సాహిత్య చర్చలు నడిపింది ఆ పద్ధతిలోనే. లేఖిని వంటి ఉపకరణాల్లో ఇప్పటికీ బతికి ఉంది.

యూనికోడ్‌తో కష్టాలు తీరిపోయాయని కాదు. ఐత్వాన్ని అందులో రెండు రకాలుగా దాచవచ్చు. 3144 అన్న ఒకే నంబరుగా, లేదా ఎత్వం 3142 పక్కన 3158 చేర్చి. కంటికి రెండూ ఒకటే. రెండూ సమానమేనని ప్రమాణమూ చెబుతుంది. కాని ఆ సంగతి పట్టించుకోకుండా రాసిన ప్రోగ్రాము రెండూ వేరనుకుంటుంది, వెతికితే దొరకదంటుంది. ఇక అసలు కనిపించని గుర్తులున్నాయి. 8204 అనేదానికి వెడల్పు లేదు, రూపం లేదు. దాని పనల్లా పక్కపక్కన ఉన్న హల్లులను ఒత్తుగా కలవకుండా ఆపడం. ‘సాఫ్ట్‌వేర్’ మధ్యలో అది లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. ప్రూఫులు దిద్దేవాళ్ళకు ఇదొక కొత్త పరీక్ష, కనిపించని దాన్ని దిద్దడం.

2018 ఫిబ్రవరిలో ఈ గుర్తు ప్రపంచమంతా పేరు మోసింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత 8204, ఆపైన దీర్ఘం. ఈ అయిదూ ఈ వరసలో ఉన్న సందేశం వస్తే ఐఫోను దాన్ని చూపించబోయి కుప్పకూలేది. ‘జ్ఞానం’లోని మొదటి అక్షరమే, నడుమ ఒక్క కనిపించని గుర్తు అదనం. ఆ నెల 19న ఆపిల్ సవరణ విడుదల చేసేదాకా ఆకతాయిలు దాన్ని ఒకరికొకరు పంపుకుని ఆనందించారు. తెలుగంటే ఏమిటో తెలియని చాలామందికి మన లిపి మొదటి పరిచయం అలా జరిగింది.

యూనికోడ్‌కు ఒక మొండి నియమం ఉంది. ఒకసారి ఇచ్చిన నంబరు వెనక్కి తీసుకోరు, పెట్టిన పేరు మార్చరు. ఒక చైనా విరామచిహ్నం పేరులో బ్రాకెట్ అన్న ఇంగ్లీషు మాట స్పెల్లింగు రెండక్షరాలు తారుమారై పడింది. తప్పని అందరికీ తెలుసు. అలాగే ఉంచి, సరైన పేరును పక్కన చేర్చారు. పాత ఫైళ్ళు చెడకూడదంటే అంత మొండితనం అవసరమే. అయితే ఆకారాలకు నంబర్లివ్వం, అక్షరాలకే ఇస్తాం అన్న పెద్ద సూత్రం మాత్రం అప్పుడప్పుడు వంగుతుంది. నకారప్పొల్లు చూడండి. పాత అచ్చు పుస్తకాల్లో న్ కు వాడిన ప్రత్యేక రూపం అది. ధ్వని వేరు కాదు. అయినా 2021లో ౝ అని దానికి సొంత నంబరు దక్కింది. 2008లో దంత్య చకార జకారాలు ౘ, ౙ వచ్చాయి. వాటితోపాటు కరణాల నాలుగోవంతుల భిన్నాల గుర్తులూ, ధాన్యం కొలిచే తూము గుర్తూ వచ్చాయి. వీటిని ఎందరు వాడుతున్నారని అడగకండి. వాడని అక్షరానికి చోటిస్తే నష్టమేమీ లేదని నా ఉద్దేశం. పాత దస్త్రాన్ని ఉన్నదున్నట్టు ఎత్తిరాసేవాడు ఒక్కడున్నా చాలు.

నా మనసు మాత్రం ఇంకా ఖాళీగా ఉన్న 3085 చుట్టూ తిరుగుతోంది. నాగరిలో ఆ స్థానంలో ఉన్నది ‘బ్యాటు’, ‘బ్యాంకు’ లాంటి మాటల్లోని అచ్చు. మరాఠీవాళ్ళు నెత్తిన చంద్రవంక పెట్టి రాస్తారు. ఆ ధ్వని మనకు ఇంగ్లీషుతో వచ్చింది కాదు. ‘వచ్చాడు’ అని రాస్తాం. ఉత్తరాంధ్ర కథకులు కొందరు ‘వచ్చేడు’ అని రాశారు. చాలాచోట్ల నోట పలికేది ఆ రెండింటికీ నడుమనున్నది. ఆధునిక తెలుగులో ఆ అచ్చు ఉందని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఎప్పుడో చెప్పారు. ధ్వని ఉంది, యూనికోడ్ వాడలో చోటుంది, ఆ అచ్చుకూ, 3141 దగ్గర దాని గుణింతపు గుర్తుకూ కూడా. లేనిది అక్షరం ఒక్కటే.

దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా అంటే, యూనికోడ్‌వాళ్ళు కొత్త అక్షరాలు కనిపెట్టరు. జనం వాడుతున్నారని రుజువుగా అచ్చుపుస్తకాల పేజీలు జతచేయమంటారు. నంబరు లేని అక్షరాన్ని అచ్చులో చూపాలంటే దారి ఒకటే. ఎవరో ఒకరు దాని ఆకారం గీసి, సొంత వాడకానికని వదిలిన గళ్ళలో ఒకదాంట్లోనో, మరేదో గుర్తు గడిలోనో దాచి, ఫాంటు ముసుగు వేసి పుస్తకాలు అచ్చొత్తాలి. అంటే మన డీటీపీ ఆపరేటర్లు చేసిన పనే మళ్ళీ మొదటినుంచి చేయాలి. ఈసారి ఏ గడిలో ఏముందో ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే మేలు.